ఎవరి బిళ్ళ వాళ్ళే

అక్క పోయిన పదకొండో రోజున నాకు తెలిసింది. అదీ ఎవరో పనిగట్టుకుని చెప్పలేదు. మా మేనత్త కొడుకు ఖరగ్‌పూర్ నుంచి ఇంకేదో పనిమీద ఫోన్ చేసి, మాటల మధ్యలో "అవునూ, అక్క మట్టికి నువ్వు రానేదేటి?" అన్నాడు. "ఏ అక్క?" అన్నాను. తర్వాత ఆరా తీస్తే తేలింది. పాత ఆఫీసు వాళ్ళేమో చర్చి వాళ్ళు చెప్పి ఉంటారనుకున్నారట. చర్చి వాళ్ళు మా ఇంటివాళ్ళు చెప్పి ఉంటారనుకున్నారట. మా ఇంటివాళ్ళేమో, ఆవిడ సంగతి వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నారట.

నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది, దాచుకోవడం దేనికి! ఈ సంగతి అక్కకి తెలిసుంటే మూడు జట్లనీ వరసగా నిలబెట్టి దులిపేసేది. ఆవిడ జీవితమంతా పోట్లాడింది ఈ ఒక్క జబ్బుమీదే.

సొంత అక్క కాదు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. తాతల నాడు భీమిలి వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లోనే పాతుకుపోయిన తెలుగు క్రైస్తవుల ఇంటి ఆడపడుచు. మేం అక్క అనేవాళ్ళం, బెంగాలీలు దీదీ అనేవాళ్ళు, పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. తొంభైల చివర ఆ ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక మిఠాయి కొట్టు పైన, మూడు కంప్యూటర్లూ ఐదుగురు మనుషులూ ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆవిడా నేనూ పక్కపక్క కుర్చీల్లో పని చేశాం. కింద రసగుల్లా పాకం వాసన, రోడ్డుమీద బస్సుల హారన్లు, వాటి మధ్యలో అక్క గొంతు. ఆ మూడిట్లో ఏదీ ఆగేది కాదు.

ఎనభైల్లో ఆవిడ ఒక ఆఫీసులో అట్టకార్డులకి బెజ్జాలు కొట్టే మిషన్‌మీద పని చేసింది. అప్పట్లో కంప్యూటర్‌కి ఏం చెప్పాలన్నా ఆ బెజ్జాలతోనే చెప్పాలి. కొన్నాళ్ళకి ఆ మిషన్లు తీసేశారు. తోటివాళ్ళు ఉద్యోగాలు పోతాయని బెంగ పెట్టుకుంటే, ఈవిడ మిగిలిపోయిన ఖాళీ కార్డులన్నీ రిక్షాలో వేసుకుని తాల్‌బగీచాలోని ఇంటికి తెచ్చుకుంది. బెజ్జాలు కొట్టిన చేత్తోనే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఆ కార్డులు మాత్రం చచ్చేదాకా అయిపోలేదనుకుంటాను. కూరగాయల జాబితా కార్డుమీద. ఆదివారం పాడే పాటల నంబర్లు కార్డుమీద. నా ప్రోగ్రాములో తప్పులు కార్డుమీద, ఒక్కోసారి రెండు కార్డులమీద. నా పెళ్ళికి చీర పెడితే ఆ పొట్లంలో కూడా ఒక కార్డు ఉంది. "రంగు పోతే చెప్పు, మొహమాటపడకు" అని. రంగు పోయింది. మా ఆవిడ చెప్పింది కూడా. అక్క ఎంత సంతోషించిందో చెప్పలేను. మర్నాడే కొట్టువాడితో యుద్ధం చేసి ఇంకో చీర తెచ్చింది.

ఆవిడకి "అయిందా?" అనే మాటంటే గిట్టదు. "అయిందా అని అడిగితే ఎవడైనా అయినాదనే సెప్తాడు. కుక్కనడిగినా తోకాడిస్తాది" అనేది. సాయంత్రం ఆరు కాగానే కుర్చీ వెనక్కి జరిపి, ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి, "ఏటి తప్పినాది ఇయ్యాల?" అని అడిగేది. ఏమీ తప్పలేదంటే కదిలేది కాదు. ఏదో ఒకటి తప్పే ఉంటుంది, ఆలోచించుకో, నేను నిలబడతాను అన్నట్టు నడుంమీద చెయ్యేసుకుని నిలబడేది. బస్సు తప్పిపోతుందని మేం ఏవో చిన్న తప్పులు కల్పించి చెప్పేవాళ్ళం. అవి కల్పించినవని పట్టేసేది. ఆఫీసు ఊడ్చే మాసీని కూడా వదిలేది కాదు. ఆ మాసీ ఒక్కతే నిజాయితీగా రోజూ ఏదో ఒకటి చెప్పేది, అందుకని ఆవిడంటే అక్కకి ప్రాణం.

ఒకసారి కసికొద్దీ నేనే ముందు లేచి, "నీకేటి తప్పినాది అక్కా ఇయ్యాల?" అని అడిగాను. బుద్ధి తక్కువై అడిగాను. మోకాలి నొప్పితో మొదలుపెట్టి, పొద్దున రాసిన లూపులో ఒకటి ఎక్కువ తిప్పడం, చర్చిలో కొత్త పాటకి శ్రుతి ఎక్కువ పెట్టడం, పక్కింటి మేక తన బంతిమొక్కలు తినడం, అది తినేటప్పుడు తాను చూసి కూడా బద్ధకించి లేవకపోవడం, అన్నీ వరసగా ఇరవై నిమిషాలు చెప్పింది. చివర్లో "అడిగినందుకు సంతోషం నాయనా" అంది. వెక్కిరిస్తోందేమో అని చూశాను. వెక్కిరింత కాదు, మనస్ఫూర్తిగానే అంది.

ఇక అసలు సంగతి. మా ఆఫీసుకి ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజి వాళ్ళు పని ఇచ్చారు. పేరెందుకులెండి. నాలుగు పెద్ద గదులు, వాటినిండా రైతుల బంగాళాదుంప బస్తాలు. గది చల్లగా, సుమారు మూడు డిగ్రీల దగ్గర ఉండాలి. ఎక్కువైతే దుంప మొలకెత్తుతుంది, తర్వాత కుళ్ళుతుంది. నాలుగు గదుల వేడినీ తీగలగుండా కంప్యూటర్‌లోకి తెచ్చి తెరమీద చూపించాలి. అప్పుడే జావా అనే ప్రోగ్రాము భాష కొత్తగా వచ్చింది, నేను కొత్త ముల్లాని, ఐదు పూటలా నమాజు చెయ్యకుండా ఊరుకుంటానా! గదికొక థ్రెడ్ చొప్పున నాలుగు థ్రెడ్లు రాశాను. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన ఎవరి పని వాళ్ళు చేసుకునే పనివాడు అనుకోండి. ఒక్కొక్కడు తన గది వేడి చదివి ఒకచోట రాసి పెడతాడు. వాళ్ళమీద మెయిన్ అనే మేస్త్రీ ఉంటాడు. వాడు ఆ అంకెలు తీసి తెరమీద పెడతాడు, రోజూ చిట్టా రాస్తాడు.

పనిలో ఏదైనా తేడా వస్తే ప్రోగ్రాము ఒక కేక పెడుతుంది. దాన్నే ఎక్సెప్షన్ అంటారు. ఆ కేక వినడానికి మెయిన్‌లో, థ్రెడ్లని మొదలుపెట్టే చోట, చుట్టూ కోటగోడలాగా ట్రై-క్యాచ్ కట్టాను. ఎవరు ఎక్కడ కేకేసినా నాకు వినిపిస్తుందని ధీమా. ఆ ధీమాతో అక్క తప్పులు వెతుకుతానంటే "ఇందులో నేవు అక్కా" అని కార్డు వెనక్కిచ్చేశాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు కోల్డ్ స్టోరేజి నుంచి ఫోన్ వచ్చింది. మూడో గదిలో దుంపలు కుళ్ళిపోయాయి. యజమానికి కంప్యూటర్‌మీద అనుమానం లేదు. తెరమీద మూడో గది మూడు డిగ్రీలు చక్కగా చూపిస్తూనే ఉంది. చల్లదనం సరిగ్గా ఉన్నా దుంపలు పాడయ్యాయంటే, తడిసిన బస్తాలు లోపల పేర్చిన ఆపరేటర్‌దే తప్పని ఆయన తేల్చేశాడు. ఆ ముసలాయన్ని పనిలోంచి తీసెయ్యాలి. యూనియన్ వాళ్ళు ఒప్పుకోవాలంటే రుజువు కావాలి. ఈ వారం చిట్టా అచ్చేసి, సంతకం పెట్టి పంపండి అని అడిగాడు.

నేను చిట్టా అచ్చేశాను. అక్క నా భుజంమీదుగా చూసి, "ఆగు" అంది. ఒకటో గది రెండు పాయింట్ తొమ్మిది, మూడు, మూడు పాయింట్ రెండు, అలా ఆడుతోంది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడో గది మాత్రం ఐదు రోజులపాటు మూడు పాయింట్ ఒకటి.

"ఐదు రోజులు ఒకటే అంకేటి? బతికున్నోడి నాడి ఇలాగుంటాదేటిరా?"

"చల్లగా నిలకడగా ఉన్నాది అక్కా" అన్నాను. అనేటప్పుడే నా గొంతు నాకే నచ్చలేదు.

అక్క నా కీబోర్డు లాక్కుని, మా దగ్గరున్న ప్రోగ్రాము ప్రతిలో మూడో గది తీగ నుంచి అంకె బదులు చెత్త అక్షరాలు వచ్చేటట్టు చేసింది. ఇద్దరం తెర చూస్తూ కూచున్నాం. మూడు పాయింట్ ఒకటి. పది నిమిషాలైనా మూడు పాయింట్ ఒకటి. నా కోటగోడ దగ్గర చీమ కూడా చిటుక్కుమనలేదు.

జరిగిందేమిటంటే, వాన తడికి మూడో గదిని చల్లబరిచే మిషనూ మందగించింది, తీగా పాడైంది. చెత్త అక్షరాలని అంకెగా మార్చబోయి మూడో థ్రెడ్ ఒక్క కేక పెట్టి చచ్చిపోయింది. కానీ ఒక థ్రెడ్‌లో పుట్టిన కేక ఆ థ్రెడ్ మెట్లమీదుగానే పైకి పోతుంది. పక్కింటి మెట్లెక్కదు. మెయిన్ తన వాకిట్లో ఎంత పెద్ద క్యాచ్ పెట్టుకు కూచున్నా దానికి వినబడదు. దిక్కులేని కేక చివరికి తెరమీద విడిగా ఉండే ఒక నల్ల కిటికీలో నాలుగు ముక్కలుగా అచ్చవుతుంది. అందంగా లేదని యజమాని అంటే ఆ నల్ల కిటికీని కూడా నేనే కనబడకుండా చేశాను. ఇంక మేస్త్రీకేం తెలుసు! చచ్చినవాడు చివర రాసిపెట్టిన అంకెనే రోజూ తీసి తెరమీద పెట్టాడు.

గబగబా మూడో థ్రెడ్ లోపలే ఒక క్యాచ్ రాసి, దాన్ని ఖాళీగా వదిలేశాను. "ఇంక సావదు అక్కా. సెత్త వొస్తే వొదిలేసి ముందుకి పోతాది."

అక్కకి అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. "ఆడి బిళ్ళ నువ్వు తగిలించీసినావు" అంది.

ఏ బిళ్ళ అని నేను తెల్లమొహం వేశాను. అప్పుడు చెప్పింది. రైల్వే పనిలో చేరకముందు వాళ్ళ నాన్న ఒక చిన్న ఇనప కార్ఖానాలో చేసేవాడు. ఒక్కొక్కరికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. సాయంత్రం బయటికొచ్చేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు గేటు దగ్గర పలకమీద మేకుకి తగిలించాలి. అన్ని మేకులూ నిండితే జమాదారు తాళం వేసేవాడు.

"ఆరోజు మా నాయిన ఎనకాల పోతపోసే అచ్చుల కాడ సెయ్యి కడుక్కుంటన్నాడు. ఆయన జతగాడొకడు, పానం ఇచ్చీసేవోడు, వొచ్చేత్తాడులే, లైన్లో నిలబడ్డం దేనికి అని ఈయన బిళ్ళ కూడా తనే తగిలించీసి ఎల్లిపోనాడు. అక్కడ అచ్చు జారి కాలుమీద పడిపోనాది. మేకులన్నీ నిండున్నాయి, తాళం ఏసీసినారు. నాయిన అరిసినాడు. ఎవుడికినపడతాది? తెల్లారి తీసినారు. ఆ కాలు మరి తిన్నగా రానేదు."

"ఆ జతగాడో?"

"ఆడు సెడ్డోడు కాడురా. ప్రేమతోనే తగిలించినాడు. బతికున్నన్నాళ్ళూ ఆదోరం ఆదోరం సేపలట్టుకొచ్చి మా గుమ్మంలో కూకుని ఏడిసీవోడు." తెరమీద నేను రాసింది చూపించి, "ఖాళీ క్యాచంటే అదే. ఆడికేటీ అవనేదని నువ్వు మేకుకి తగిలించడం" అంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కూచుని సరిగ్గా రాశాం. ప్రతి థ్రెడ్ తన కేకని తనే పట్టుకుని, తన పేరూ వేళా రాసి, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక పెట్టెలో వెయ్యాలి. మెయిన్ ప్రతి చుట్టులోనూ ఆ పెట్టె తెరిచి చూడాలి. అంకె పాతదైతే అంకె చూపించకూడదు, గీత పెట్టాలి, గంట కొట్టాలి. ప్రోగ్రాము మూసేటప్పుడు నాలుగు థ్రెడ్లూ వచ్చేదాకా ఆగి, ఒక్కొక్కదాన్నీ ఏం తప్పిందని అడగాలి. ఆ చివరిది అక్కే రాసింది. నవ్వుకుంటూ రాసింది.

సంగతి మా ప్రొప్రైటర్‌కి చెప్పాం. ఆయన తలుపు దగ్గరికి వేసి, కొత్త ప్రోగ్రాము పెట్టేసి రా, అడిగిన చిట్టా ఇచ్చెయ్యి, అడగనిది చెప్పకు అన్నాడు. చెబితే ఆఫీసులో నీ కుర్చీ ఉండదని కూడా అన్నాడు. నాకు పెళ్ళయి ఆరు నెలలు. బయటికొచ్చి అక్క మొహం చూశాను, ఆవిడ చెప్పేస్తుందిలే అనే ఆశతో. నిజం ఒప్పుకోవాలంటే, ఆవిడ చెప్పేస్తే బాగుణ్ణని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

"నాను నీకూడా వొస్తాను. కాయితమే ఇస్తావో, నోరిప్పి సెప్తావో నీ ఇష్టం. నాను మాత్రం సెప్పను" అంది. "నీ బిళ్ళ నాను తగిలించను."

మర్నాడు పొద్దున బస్‌స్టాండులో అక్క గంజి పెట్టిన తెల్ల చీరలో, ఆదివారం చెప్పుల్లో నిలబడి ఉంది. "పెళ్ళికేటి అక్కా?" అన్నాను.

"తప్పొప్పుకోడానికెల్లినప్పుడు మంచి బట్ట కట్టాల. నేకపోతే జాలి పడతారు."

"ఒప్పుకుంటానని నాను అన్నేదు."

"నానూ అన్నేదు" అని బస్సెక్కేసింది.

యజమాని గదిలో బల్లమీద చిట్టా పెట్టాను. ఆయన అంకెలు వేలితో చూసుకుంటూ పోయి, తృప్తిగా తల ఊపి, ఆపరేటర్‌ని పిలిపించాడు. వచ్చినాయన అరవైకి దగ్గర, బక్కపలచటి మనిషి. బయట ఉక్కపోస్తున్నా చల్లగదుల అలవాటుకొద్దీ తలకి మంకీ టోపీ ఉంది. ఆయనకి తొంభై పాళ్ళు తన పని అయిపోయిందని తెలుసు. అయినా వాదించలేదు. తప్పు తనదేనని మొదలుపెట్టాడు. బస్తాలు తడవలేదు బాబూ, కానీ నాకో తప్పు జరిగింది, చెప్పేస్తాను అన్నాడు.

అలవాటు ప్రకారం పూటపూటా చేతి థర్మామీటర్ పట్టుకుని ప్రతి గదిలోకీ వెళ్ళేవాడట. నాలుగైదు రోజుల కిందట మూడో గదిలో అది తొమ్మిది చూపించింది. పరిగెత్తుకొచ్చి తెర చూస్తే మూడు ఉంది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తొమ్మిది. మళ్ళీ తెర చూశాడు, మూడు. "కంప్యూటార్ కి మిథ్యే బోల్‌బే?" అన్నాడు, కంప్యూటర్ అబద్ధమాడుతుందా అని. పద్దెనిమిదేళ్ళుగా వాడుతున్న థర్మామీటర్, తనలాగే ముసలిదై చెడిపోయిందనుకుని వెనక చెత్తకుప్పలో పారేశాడు. అది చెడిపోయిన సంగతి తమరికి చెప్పి కొత్తది అడగవలసింది, అడగలేదు, అదే నా తప్పు అని చేతులు కట్టుకున్నాడు.

అక్క నావైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడ ఒక్కసారి చూసుంటే నాకు సులువయ్యేది.

"థర్మామీటర్ సరైనదే" అన్నాను. నా బెంగాలీ అప్పుడప్పుడు కుంటుతుంది, ఆరోజు పూర్తిగా చతికిలబడింది. హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు కలిపి, మూడో థ్రెడ్ చచ్చిపోయిన సంగతి, అది నాకు తెలియని సంగతి, తెలియకపోవడం నా తప్పైన సంగతి, చిట్టాలో ఐదు రోజుల అంకెలూ అబద్ధమన్న సంగతి, అన్నీ చెప్పాను. చిట్టా వెనక్కి తీసుకుని రెండుగా చింపాను. యజమాని లేచి నన్నూ, మా ఆఫీసునీ, కంప్యూటర్ కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టాడు. ఆ తిట్లన్నీ నాకు రావలసినవే. తిట్టి తిట్టి అలసిపోయి, ఆపరేటర్‌తో "తుమి కాజే జావ్" అన్నాడు. పనిలోకి పొమ్మని. మా ప్రొప్రైటర్ కూడా తర్వాత రెండు రోజులు మండిపడి, థ్రెడ్లు తెలిసినవాడు ఇంకొకడు దొరక్క నన్ను ఉంచేసుకున్నాడు.

వరండాలోకి వచ్చాం. వెనకే ఆపరేటర్ వచ్చాడు. తిడతాడనుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయనకి ఆ ధ్యాసే లేదు. "తాహొలే ఆమార్ థార్మోమీటార్‌టా ఠీక్ ఛిలో?" అని అడిగాడు. అయితే నా థర్మామీటర్ సరిగ్గానే ఉండేదా అని. అవునన్నాను. ఆయన మొహం ఎలా వెలిగిందో ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంటుంది. గబగబా మెట్లు దిగి గోదాము వెనక్కి వెళ్ళిపోయాడు.

అక్క ఒక్క క్షణం ఆలోచించలేదు. కుచ్చిళ్ళు ఎత్తి బొడ్డులో దోపుకుని ఆయన వెంట వెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఆ చెత్తకుప్పమీదే పారబోసిన కుళ్ళిన దుంపల్లో వంగి, చేతులతో తవ్వుతున్నారు. ఆ కంపు మాటల్లో చెప్పేది కాదు. తెల్ల చీర అంచు నల్లబడిపోయింది. అక్క ఊపిరి బిగపట్టి, మోకాలి నొప్పి మర్చిపోయి, పద్దెనిమిదేళ్ళ గాజుగొట్టం ఒకటి కోసం దుంప తర్వాత దుంప పక్కకి పెడుతోంది.

గట్టుమీద నిలబడి ఉండగా నాకు తట్టింది. లోపల తప్పంతా ఒప్పుకున్నప్పుడు నేను చూసింది యజమాని మొహం. చెప్పింది యజమానికి. నావల్ల ఐదు రోజులు తన కళ్ళనీ తన చేతినీ తనే నమ్మలేకపోయిన మనిషి పక్కనే నిలబడి ఉంటే, ఆయనతో ఒక్క ముక్క అనలేదు.

చెప్పులు విడిచి కుప్పలోకి దిగాను. పిక్కలదాకా కూరుకుపోయాను. ఆయన ఎదురుగా వంగి, "తప్పు నాది దాదా. మీరు సరిగ్గానే చూశారు" అన్నాను.

ఆయన తలెత్తాడు. మంకీ టోపీ వెనక్కి తోసుకుని, కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చి, "గోడవార చూడు బాబూ, అటే విసిరినట్టు గుర్తు" అన్నాడు.

ముగ్గురం వెతకడం మొదలుపెట్టాం.